స్కూటర్ మీదుగా గేర్ల బండికి: నా అనుభవం

బైక్ నేర్చుకోవాలని గట్టిగా అనుకునేసరికి నేను ఏళ్లుగా స్కూటర్ నడుపుతున్న మనిషిని. వానలో, రాత్రిపూట, రద్దీలో, వెనక మనిషిని ఎక్కించుకుని, కాళ్ల దగ్గర బరువు పెట్టుకుని, అన్ని రకాలుగానూ నడిపాను. అందుకే తెలిసినవాళ్లు చాలామంది "స్కూటర్ వచ్చు కదా, గేర్లు తెలిస్తే చాలు, బైక్ వచ్చేసినట్టే" అన్నారు. కొందరు మాత్రం "స్కూటర్‌కి అలవాటుపడ్డ చేతులు గేర్ల బండికి ఓ పట్టాన లొంగవు" అని భయపెట్టారు. నేర్చుకున్నాక నేను చెప్పగలిగే మాట ఇది: స్కూటర్ నాకు రోడ్డును నేర్పింది. బైక్ నేర్చుకోవడంలో ఉండే కష్టంలో సగానికి పైగా స్కూటర్ మీదే తీరిపోయింది. మిగిలిన దాంట్లో చేతులకీ కాళ్లకీ కొత్తగా నేర్పాల్సినవి ఉన్నాయి. స్కూటర్ నేర్పిన ఒక అలవాటును మాత్రం పనిగట్టుకుని మాన్పించాల్సి వచ్చింది. ఆ ఒక్కదాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నేను ఇది రాయడానికి అసలు కారణం అదే.

ముందు స్కూటర్ ఇచ్చినదాని గురించి. రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు కదులుతుందా లేదా అన్నది డ్రైవర్ ముఖంలో కనిపించదు, ముందు చక్రంలో కనిపిస్తుంది. చక్రం రవ్వంత తిరిగిందంటే కారు బయటికి రాబోతోందని అర్థం. పెద్ద వాహనం అద్దంలో డ్రైవర్ మొహం మనకు కనిపించట్లేదంటే మనం కూడా అతనికి కనిపించట్లేదన్నమాట. తడిసిన మ్యాన్‌హోల్ మూత మీద, తెల్ల గీతల మీద, మలుపులో పేరుకున్న ఇసుక మీద బ్రేకు వేయకూడదు. వాన మొదలైన తొలి నిమిషాల్లో రోడ్డు మీది నూనె, దుమ్ము నీళ్లలో కలిసి జారుడుగా ఉంటుంది, ఆ తర్వాత కొంత నయం. ఇవన్నీ నాకు స్కూటర్ మీదే వచ్చాయి. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, కళ్లు వాటంతట అవే వెతకడం మొదలుపెట్టాయి.

ఇది ఎంత పెద్ద సంగతో తర్వాత చదివితే తెలిసింది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. వేరే వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతుల సందర్భాల్లో తప్పు ఆ ఎదుటి వాహనం వాళ్లదే. దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా అడ్డం వచ్చారు. బైక్ తమకు కనిపించలేదన్నది వాళ్లలో చాలామంది చెప్పిన మాట. అంటే మన బండి మన చేతిలో ఎంత చక్కగా ఉన్నా, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ఒక క్షణం ముందు పసిగట్టకపోతే లాభం లేదు. ఆ పసిగట్టే చూపు రావడానికి బుర్ర ఖాళీగా ఉండాలి. క్లచ్ ఎక్కడ, ఏ గేరులో ఉన్నాను అని ఆలోచిస్తూ ఉంటే కళ్లు బండి మీదే ఉంటాయి, రోడ్డు మీద ఉండవు.

స్కూటర్ ఆ ఖాళీని ఇస్తుంది. ఇప్పటి పెట్రోలు స్కూటర్లలో ఇంజిన్‌కీ వెనక చక్రానికీ మధ్య ఒక బెల్టు, రెండు పుల్లీలు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలో ఉన్న చిన్న రోలర్లు బయటి వైపుకి జరిగి పుల్లీని దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది, గేరు మారినట్టే అవుతుంది. మెట్లు మెట్లుగా కాకుండా జారుడుగా మారుతుంది, అంతే తేడా. ఇంజిన్‌ను చక్రానికి కలిపి, విడదీసే క్లచ్ కూడా ఉంది. వెనక పుల్లీ దగ్గర వేగంగా తిరిగినప్పుడు బయటికి విచ్చుకుని పట్టుకునే క్లచ్ అది. మనం ఎక్సలేటర్ తిప్పితే పట్టుకుంటుంది, వదిలేసి నెమ్మదిస్తే వదిలేస్తుంది. గేరు, క్లచ్ రెండూ మన తరఫున బండే చూసుకుంటుంది కాబట్టి మనకు మిగిలింది రోడ్డు ఒక్కటే. కొత్తగా నేర్చుకునే మనిషికి ఇంతకు మించిన మేలు ఇంకోటి ఉండదని నేను నమ్ముతాను. స్కూటర్‌ను "అదీ ఒక బండేనా" అని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

స్కూటర్ మొదటి నుంచీ ఇలా లేదు. ఇటలీలో పియాజ్యో కంపెనీ 1946లో వెస్పాకు పేటెంట్ తీసుకుంది. దాన్ని గీసిన కొర్రాడినో దాస్కానియో విమానాల ఇంజినీరు, ఆయనకు మోటార్‌సైకిళ్లంటే పెద్దగా ఇష్టం లేదు. చెయిన్ నూనె బట్టలకు అంటకూడదని ఇంజిన్‌ను వెనక చక్రం పక్కనే పెట్టి మూత వేశాడు. కాలు ఎత్తి ఎక్కే పని లేకుండా ముందు ఖాళీ వదిలాడు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒక వైపు నుంచే పట్టించాడు. కానీ దానికి గేర్లు ఉన్నాయి, ఎడమ చేతి పిడిని తిప్పి మార్చాలి, క్లచ్ కూడా ఆ చేతిలోనే. వెనక బ్రేకు కుడి కాలి కింద ఉండేది. ఒక్కసారి ఆలోచించండి: ఎడమ చేతిలో క్లచ్, కుడి కాలి కింద వెనక బ్రేకు. ఇది అచ్చం బైక్ అమరికే. పాత గేర్ల స్కూటర్ మీద నేర్చుకున్నవాళ్లు బైక్ ఎక్కితే, గేరు చేతి నుంచి కాలికి మారడం తప్ప వాళ్లకు పెద్ద తేడా ఏమీ ఉండేది కాదు. గేర్లు లేని స్కూటర్ వచ్చాక ఈ బంధుత్వం తెగిపోయింది. ఎడమ చేతిలో క్లచ్ పోయి, ఆ చోటుకి వెనక బ్రేకు వచ్చి కూర్చుంది.

అసలు కథ ఇక్కడుంది. స్కూటర్ మీద ఎడమ చేతి లివర్ నొక్కితే బండి ఆగుతుంది. బైక్ మీద అదే లివర్ నొక్కితే ఇంజిన్‌కీ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. ఆగడం మాట అటుంచి, అప్పటిదాకా ఇంజిన్ పట్టి ఉంచిన కాస్త పట్టు కూడా పోయి బండి తేలిగ్గా ముందుకు దొర్లుతుంది. మామూలుగా నడుపుతున్నప్పుడు ఈ తేడా బుర్రకు బాగానే గుర్తుంటుంది. కంగారు పుట్టినప్పుడు పనిచేసేది బుర్ర కాదు, అలవాటు. పైగా చాలా స్కూటర్లలో ఎడమ లివర్ నొక్కితే రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఉంటుంది. మంచి ఏర్పాటే, కానీ దాని వల్ల కుడి చేతి బ్రేకును ఏళ్ల తరబడి ముట్టుకోకుండా తిరిగేవాళ్లు తయారవుతారు. అలాంటి మనిషి బైక్ ఎక్కి ఎదురుగా పిల్లాడు పరిగెత్తుకొచ్చినప్పుడు ఎడమ చేయి బిగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నాకు బైక్ నేర్పింది మా అన్నయ్య. వాడికి ఈ విషయం బాగా తెలుసు కాబట్టి దాన్ని ముందే బయటికి లాగాడు. ఖాళీ మైదానంలో, రెండో గేరులో నెమ్మదిగా వెళ్తుంటే, తన ఇష్టం వచ్చినప్పుడు ఉన్నట్టుండి "ఆపు!" అని అరిచేవాడు. మొదట్లో ప్రతిసారీ ఎడమ చేతి వేళ్లే ముందు కదిలేవి. అది నాకు అనిపించిన సంగతి కాదు, చేతివేళ్ల మీద కనిపించిన సంగతి. అన్నయ్య కోప్పడలేదు. "నీ చేయి తప్పేం చేయట్లేదు రా, ఇన్నాళ్లూ దానికి చెప్పిందే చేస్తోంది. ఇప్పుడు దానికి కొత్త పని చెప్పాలి, అంతే" అన్నాడు.

ఆ కొత్త పని చెప్పడానికి మేం చేసింది చాలా మామూలు పద్ధతి. బండి స్టార్ట్ చేయకుండా, స్టాండ్ మీద కూర్చుని, "ఆపు" అనగానే కుడి చేతి రెండు వేళ్లు ముందు బ్రేకు మీద మెల్లగా బిగించడం, కుడి పాదం వెనక బ్రేకు మీద ఆనించడం, ఎడమ చేయి ఆ తర్వాత క్లచ్ మీదికి రావడం. ఈ వరస మీద ఏకాగ్రతంతా. బండి నిలబడి ఉన్నప్పుడు ఇది పిల్లల ఆటలా అనిపిస్తుంది, కానీ పనిచేసింది ఇదే. దానికి ముందు స్కూటర్ మీదే ఇంకో పని మొదలుపెట్టాను. ప్రతి ఆపుడూ కుడి చేతి బ్రేకుతో మొదలుపెట్టి, ఎడమది దానికి తోడుగా వాడటం. బైక్ కొనాలన్న ఆలోచన ఉన్న స్కూటర్ వాళ్లందరికీ నేను చెప్పే మొదటి సలహా అదే: బైక్ ఇంటికి రాకముందే, ఈ రోజు నుంచే, స్కూటర్ ముందు బ్రేకును అలవాటు చేసుకోండి. దీనికి ఖర్చు లేదు, మైదానం అక్కర్లేదు.

ముందు బ్రేకు అంటే చాలామందికి భయం. "ముందు బ్రేకు వేస్తే తలకిందులవుతాం" అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాళ్లమే. తిప్పలు తెచ్చేది ముందు బ్రేకు కాదు, దాన్ని ఒక్కసారిగా గుంజడం, లేదా హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, ఇసుక మీద ఉన్నప్పుడు గుంజడం. బ్రేకు పడగానే బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, టైరు రోడ్డుకి గట్టిగా అదుముకుంటుంది, అప్పుడు దానికి ఆపే శక్తి పెరుగుతుంది. అదే సమయంలో వెనక చక్రం తేలికపడి చిన్న నొక్కుడుకే జారడం మొదలుపెడుతుంది. కాబట్టి మొదట మెత్తగా పట్టి, బరువు ముందుకి వచ్చాక గట్టిగా పిండాలి. హర్ట్ నివేదికలో కూడా ఇదే బయటపడింది: ప్రమాదంలో చిక్కుకున్నవాళ్లు వెనక బ్రేకును అతిగా తొక్కి చక్రం జారేలా చేశారు, ముందు బ్రేకును సరిపడా వాడలేదు. ఏబీఎస్ ఉన్న బండి అయితే చక్రం బిగుసుకుపోకుండా అదే చూసుకుంటుంది, కొత్తవాళ్లు వీలైతే అలాంటిదే తీసుకోవడం మేలు. అయినా వేళ్లకు మెత్తదనం నేర్పడం మాత్రం మన పనే.

ఇక క్లచ్. అందరూ భయపెట్టే ఈ విషయం నిజానికి త్వరగానే వచ్చింది. మా అన్నయ్య నన్ను మొదట బండి నడపనివ్వలేదు. మొదటి గేరు వేయించి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా, క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదలమన్నాడు. ఒక చోటుకి వచ్చేసరికి ఇంజిన్ చప్పుడు కొంచెం బరువెక్కుతుంది, బండి ముక్కు అలా రవ్వంత కదులుతుంది. "అక్కడే ఆపు. ముందుకి పోనివ్వకు, వెనక్కి వదలకు. బండి కదలబోయే చోట చేతిని నిలబెట్టడం నేర్చుకుంటే కదిలించడం అదే వస్తుంది" అన్నాడు. చేయి నొప్పి పుట్టేదాకా అదే పని. కళ్లు మూసుకున్నా ఆ చోటు చేతికి తెలిసిపోవాలి. తెలిశాక, రెండు కాళ్లూ నేల మీద ఈడుస్తూ నడక వేగంతో కాస్త దూరం, ఆ తర్వాత కాళ్లు పైకి. బండి ఆగిపోయి కుదుపు ఇవ్వడాలు ఉంటాయి, అవి అందరికీ ఉంటాయి. ఎక్సలేటర్ ముందే కొంచెం పట్టి ఉంచి క్లచ్ మెల్లగా వదిలితే అవీ తగ్గిపోతాయి.

ఇక్కడ స్కూటర్ వాళ్లకు ఒక తేడా గట్టిగా తెలుస్తుంది. స్కూటర్ మీద మరీ నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఎక్సలేటర్ వదిలేస్తే ఆటోమేటిక్ క్లచ్ వదిలేస్తుంది, బండి ఊపు పోతుంది. మళ్లీ తిప్పితే ఉన్నట్టుండి పట్టుకుంటుంది. అందుకే ఇరుకు సందుల్లో స్కూటర్ నడిపేవాళ్లు తెలియకుండానే ఎక్సలేటర్ కొంచెం పట్టి ఉంచి వెనక బ్రేకుతో వేగం సర్దుకుంటారు. బైక్ మీద యూ టర్న్ తిప్పేటప్పుడు నేర్పేది అచ్చం ఇదే: ఎక్సలేటర్ నిలకడగా, క్లచ్ సగం, వేగం ఎక్కువైతే వెనక బ్రేకు మీద పాదం ఆనించడం, చూపు తిరగబోయే వైపు చివరిదాకా. బ్రేకు చేతి నుంచి పాదానికి మారింది, పద్ధతి పాతదే. యూ టర్న్ నాకు తేలిగ్గా కుదరడానికి కారణం స్కూటర్ మీద తిరిగిన ఆ సందులే.

గేర్లు కాలికి త్వరగానే అలవాటవుతాయి. మొదటిది కిందికి, మిగతావి పైకి, ఏ గేరూ పడని న్యూట్రల్ ఒకటికీ రెండుకీ మధ్య. చాలా బైకులకు అమరిక ఇదే. ఒకప్పుడు పాత బ్రిటిష్ బైకులకు గేరు కుడి కాలి దగ్గర, బ్రేకు ఎడమ కాలి దగ్గర ఉండేవి. 1970ల మధ్యలో అమెరికా నిబంధనల ప్రకారం గేరు ఎడమ వైపు ఉండాలని తేలాక తయారీదారులు మిగతా చోట్ల కూడా అటే మళ్లారు. కాలికి పట్టుబడనిది గేరు మార్చడం కాదు, ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడం. అది చెవితో తెలియాలి. ఇంజిన్ గొంతు పెంచి అరుస్తోంటే పైకి, గడగడలాడుతూ ఈడ్చుకుపోతోంటే కిందికి. స్పీడోమీటర్ చూసి గేరు మార్చే అలవాటు చేసుకుంటే చూపు రోడ్డు మీద నుంచి జారుతుంది.

కిందికి దిగేటప్పుడు కొంచెం మర్యాద కావాలి. వేగంగా వెళ్తూ ఒకేసారి రెండు మూడు గేర్లు దింపేసి క్లచ్ ఠక్కున వదిలితే వెనక చక్రం బిగుసుకుని పక్కకి జారుతుంది. ఒక్కో గేరు దింపడం, క్లచ్ వదిలే ముందు ఎక్సలేటర్‌ను చిటికెడు తిప్పి ఇంజిన్ వేగాన్ని చక్రం వేగానికి దగ్గరగా తేవడం, ఆ తర్వాత మెల్లగా వదలడం. ఇది చేతికి వచ్చిన రోజు బైక్ అంటే ఏమిటో తెలిసింది నాకు. మలుపు ముందే మూడోది, రెండోది, ఇంజిన్ తనంతట తనే బండిని పట్టి నెమ్మదింపజేస్తుంది, మలుపు మధ్యలో బ్రేకు అవసరమే రాదు. స్కూటర్‌లో ఈ పట్టు ఉంటుంది కానీ కొంచెం, అదీ మన చేతిలో ఉండదు. పల్లం రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. స్కూటర్ మీద బ్రేకులు వేడెక్కుతున్నాయేమో అని చూసుకుంటూ దిగేదాన్ని, బైక్ మీద రెండో గేరులో పెట్టి నిశ్చింతగా దిగుతున్నాను.

ఆగడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు పడేది వెళ్తూ కాదు, ఎక్కువగా ఆగుతూనే. స్కూటర్ ఆగితే రెండు కాళ్లూ ఒకేసారి నేల మీద పెడతాం. బైక్ మీద ఎడమ కాలు నేల మీద, కుడి కాలు వెనక బ్రేకు మీద. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్ చేసుకోవడానికి ఎడమ కాలు కావాలి, అప్పుడు కుడి కాలు దించి ఎడమ కాలు ఎక్కించాలి. ఆ కాళ్ల మార్పిడి జరిగే కొద్ది క్షణాల్లో బండి బరువు ఏ కాలి మీద ఉందో ఒంటికి తెలియాలి. ఎత్తు మీద ఆగితే కుడి పాదం బ్రేకు మీదే ఉంచి, క్లచ్ పట్టుకునే చోటు దాకా వదిలి, బండి ముందుకు లాగుతున్నట్టు అనిపించాకే పాదం తీయాలి. స్కూటర్ మీద ఎడమ చేత్తో బ్రేకు పట్టి కుడి చేత్తో ఎక్సలేటర్ తిప్పేసేవాళ్లం. అందుకే ఎత్తు మీద బయల్దేరడం అంటే మొదట్లో నాకు నిజంగా టెన్షన్‌గా ఉండేది. వెనక కార్లు ఉన్న చోట కాదు, ఖాళీ వాలు మీద బాగా సాధన చేశాకే రద్దీలోకి వెళ్లాను.

ఒంటికి వచ్చిన మార్పు నేను అనుకోనిది. స్కూటర్ మీద మోకాళ్లకు పట్టుకునేది ఏదీ ఉండదు. బండిని పట్టుకునేది సీటు, చేతులు మాత్రమే. కాబట్టి బ్రేకు వేసినప్పుడు ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. బైక్ మీద రెండు మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టుకోవచ్చు. ఒకసారి అలా పట్టుకున్నాక చేతులు వదులుగా ఉంచడం సాధ్యమైంది. చేతులు బిగబట్టి కూర్చుంటే హ్యాండిల్ మనకు తెలియకుండానే అటూ ఇటూ తిరుగుతుంది, మలుపులో బండి మొండికేసినట్టు ఉంటుంది. మోకాళ్లు బిగించి మోచేతులు వదులు చేయగానే అదే బండి చెప్పినట్టు విన్నది. నేర్చుకోవడంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన ఘట్టం ఇదే అనుకుంటాను.

మలుపు తిప్పడం కూడా కొంచెం మారింది. కాస్త వేగం అందుకున్నాక ఏ ద్విచక్ర వాహనమైనా ఎడమకు వాలాలంటే ఎడమ పిడిని కొద్దిగా ముందుకు నొక్కాలి, కుడికి వాలాలంటే కుడి పిడిని. వింటే తిరకాసుగా ఉంటుంది గానీ సైకిల్ నుంచి అందరం చేసేది ఇదే. స్కూటర్‌కు చక్రాలు చిన్నవి, 10 లేదా 12 అంగుళాలవి, చిన్న కదలికకే తిరిగిపోతుంది కాబట్టి ఈ నొక్కుడు తెలియదు. బైక్‌కి సాధారణంగా 17 అంగుళాల చక్రాలు, బండి బరువు కూడా ఎక్కువ, కాబట్టి చేత్తో కావాలని నొక్కితేనే బాగా వాలుతుంది. అడ్డం వచ్చినదాన్ని తప్పించుకోవాల్సిన క్షణంలో ఈ నొక్కుడు తెలిసి ఉండటం ప్రాణం కాపాడుతుంది. ఖాళీ రోడ్డు మీద ఎదురు గాలి కూడా లేని సమయం చూసి, మెల్లగా అటూ ఇటూ నొక్కి బండి ఎలా స్పందిస్తుందో చూసుకున్నాను.

చక్రాల తేడా గుంతల దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. చిన్న చక్రం గుంతలో దిగిపోతుంది, పెద్ద చక్రం చాలావాటి మీదుగా దొర్లి వెళ్తుంది. పైగా స్కూటర్‌లో ఇంజిన్ మొత్తం వెనక చక్రంతో పాటే పైకీ కిందికీ ఊగుతుంది, ఆ బరువంతా ప్రతి గుంతకీ వెన్నుకు తగులుతుంది. బైక్‌లో ఇంజిన్ మధ్యలో ఫ్రేమ్‌కు బిగించి ఉంటుంది. ఫుట్ రెస్ట్‌ల మీద బరువు వేసి సీటు నుంచి రవ్వంత లేస్తే దెబ్బ కాళ్లలోనే ఆగిపోతుంది. ప్రతి గుంతనూ తప్పించాలని అటూ ఇటూ వంకరలు తిరిగే స్కూటర్ అలవాటు నాకు మెల్లగా పోయింది. ఆ వంకరలు వెనక వచ్చేవాళ్లకు ప్రమాదం కూడా.

బరువు దగ్గర మాత్రం స్కూటర్ ఏమీ నేర్పలేదు. 110 సీసీ స్కూటర్ వంద కిలోలకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది, ఆ బరువు కూడా కింద, వెనక ఉంటుంది. 150 సీసీ బైక్ 140 కిలోలకు అటూ ఇటుగా ఉంటుంది, పెట్రోలు ట్యాంకు పైన. 12 లీటర్ల ట్యాంకు నిండితే దాదాపు 9 కిలోలు అదనం, అదీ ఎత్తులో. నిలబడి ఉన్న బైక్ ఒక పక్కకి కొంచెం వంగేదాకా తేలికే, ఒక గీత దాటాక ఆపడం కష్టం. అందుకే స్టార్ట్ చేయకుండా బండిని పక్కన నిలబడి నెట్టడం, వెనక్కి లాగడం, స్టాండ్ మీదికి ఎక్కించడం ముందే చేసుకోవాలి. సీటు ఎత్తు కూడా చూసుకోండి. మొదటి బైక్‌కి రెండు పాదాలూ నేలకు బాగా ఆనాలి, చూడటానికి ఎలా ఉందన్నది తర్వాత.

చెయిన్ ఇంకో కొత్త పని. స్కూటర్ బెల్టు మూత లోపల ఉంటుంది, మనం దాన్ని చూడను కూడా చూడం. బైక్ చెయిన్‌ను తుడవాలి, నూనె పట్టించాలి, వదులు ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉన్నంతే ఉందా చూసుకోవాలి. మరీ బిగువుగా ఉన్నా పాడే, మరీ వదులైనా పాడే. నాకు ఈ పని ఇష్టమైపోయింది.

లైసెన్సు సంగతి ఎవరికి వాళ్లు తమ దగ్గరి నిబంధన చూసుకోవాలి. చాలా దేశాల్లో గేర్లు లేని బండి మీద పరీక్ష పాసైనవాళ్లకు గేర్ల బండి నడిపే హక్కు రాదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పాసైతే ఆటోమేటిక్ వరకే. జపాన్‌లో 2005 నుంచి ఆటోమేటిక్‌కే పరిమితమైన లైసెన్సు వేరుగా ఉంది. నడపడం వచ్చు కదా అని ఈ మార్పును వాయిదా వేయకూడదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇదే అడ్డం వస్తుంది.

అయితే స్కూటర్ తప్పనిసరి మెట్టా? కాదు. నేరుగా బైక్ మీద నేర్చుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు, బాగా నడుపుతున్నారు. రోడ్డు మీద ఇంతకు ముందు ఏ బండీ నడపని మనిషికి మాత్రం స్కూటరే మంచిదని నా అభిప్రాయం. మధ్యస్థంగా ఇంకో దారి కూడా ఉంది. హోండా 1958లో తెచ్చిన సూపర్ కబ్‌లో గేర్లు కాలితో మార్చాలి, క్లచ్ లివర్ మాత్రం ఉండదు. ఎడమ చేయి ఖాళీ, చక్రాలు పెద్దవి. 2017 నాటికి ఆ వరస బండ్లు 10 కోట్లు తయారయ్యాయి. అలాంటి బండి దొరికే చోట ఉన్నవాళ్లు స్కూటర్‌కీ బైక్‌కీ మధ్య కాస్త కాలం దాని మీద గడిపితే గేరు ఎప్పుడు మార్చాలో చెవికి ముందే తెలుస్తుంది.

స్కూటర్‌ను కేవలం దాటిపోయే మెట్టుగా చూడటం కూడా నాకు నచ్చదు. 2001లో వచ్చిన యమహా టీమ్యాక్స్ ఆటోమేటిక్ స్కూటరే, కానీ ఇంజిన్‌ను బైక్ లాగా ఫ్రేమ్‌కే బిగించారు, దూర ప్రయాణాలు చేసేవాళ్లు దాన్ని వదలరు. ఇటువైపు బైకులేమో స్కూటర్ దారి పడుతున్నాయి. హోండా 2010 నుంచే క్లచ్ లివర్ లేకుండా గేర్లను తనే మార్చే డీసీటీ గేర్‌బాక్స్‌ను పెద్ద బైకుల్లో పెడుతోంది, కరెంటు బైకుల్లో చాలావాటికి గేర్లే లేవు. రేపు క్లచ్ నేర్చుకోవాల్సిన అవసరమే పోవచ్చు. అప్పుడు కూడా ముందు చక్రం వైపు చూసే కన్ను, ముందు బ్రేకును మెత్తగా పిండే వేళ్లు, ట్యాంకును పట్టే మోకాళ్లు కావాలి.

బైక్ వచ్చాక స్కూటర్ అమ్మలేదు. దగ్గరి పనులకు ఇప్పటికీ అదే తీస్తాను. అయితే రెండూ నడిపేవాళ్లు ఒకటి గమనించాలి, ఆ తికమక ఇటు నుంచి అటు కూడా పాకుతుంది. బైక్ మీద బాగా తిరిగి స్కూటర్ ఎక్కితే, ఆగేముందు ఎడమ చేయి క్లచ్ పడుతున్నట్టు గట్టిగా బిగుసుకోవాలని చూస్తుంది, కానీ అక్కడ ఉన్నది బ్రేకు. తడి రోడ్డు మీద వెనక చక్రం జారడానికి ఆ ఒక్క నొక్కుడు చాలు. అందుకే ఏ బండి తీసినా, బయల్దేరే ముందు నిలబడిన చోటే రెండు లివర్లనూ ఒకసారి నొక్కి, ఎడమ చేతిలో ఉన్నది ఏమిటో పైకి చెప్పుకుంటాను: "బ్రేకు" అనో, "క్లచ్" అనో. మొదటి కొద్ది దూరం రద్దీ లేని దారిలో వెళ్లి, ఒకసారి కావాలని ఆపి చూసుకుంటాను. ఆ తర్వాతే పెద్ద రోడ్డు ఎక్కుతాను.